ముందు సీటు

"ఈసారి ముందు సీటు నాది," అన్నాను కారు తలుపు పట్టుకుని.

"వెనక్కి నడు," అంది అమ్మ.

సామానంతా ఎక్కించేసి, ఇంటికి తాళం వేసి, ఆ తాళాన్ని రెండోసారి లాగి చూసుకున్నాక మొదలైన గొడవ అది. మావయ్య తన పాత కారు మాకిచ్చి, సముద్రం ఒడ్డున ఎవరిదో ఇల్లు అద్దెకి మాట్లాడిపెట్టాడు. నాకప్పుడు పదకొండేళ్ళు. మేం సెలవులకని ఎక్కడికైనా వెళ్ళడం అదే మొదలు. నాన్న బస్సు డ్రైవరు. సెలవులొస్తే ఊళ్ళు తిరిగేది ఆయన బస్సెక్కే జనమే గాని మేం కాదు.

"మావయ్య కారెక్కినప్పుడల్లా నువ్వే కూర్చుంటావు. నేనెప్పుడు కూర్చోవాలి?"

"నీకు పెళ్ళయ్యాక మీ ఆయన కారులో కూర్చుందువుగాని. నడు."

నాన్నమ్మ అప్పటికే వెనక సీట్లో సర్దుకుని, ఒళ్ళో సంచీ పెట్టుకుని ఉంది. "పోనీ కూర్చోనివ్వవే. పిల్ల ముచ్చట పడుతోంది. నువ్వు వెనకొచ్చి నా పక్కన కునుకు తియ్యి. మా చెవులకీ కాస్త విశ్రాంతి."

"వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుందత్తయ్యా."

"పెళ్ళయిన కొత్తలో బస్సులో ఆఖరి సీట్లో కూర్చుని మా ఇంటికొచ్చావు. అప్పుడు తిప్పలేదూ?"

అమ్మ నా చెయ్యి తలుపు మీంచి తీసేసి, తను కూర్చుని తలుపు వేసుకుంది. నాన్న స్టీరింగు మీద వేలితో టకటకా కొడుతూ ఎదురుగా చూస్తున్నాడు. నేను మొహం మాడ్చుకుని, నాన్నమ్మకీ తమ్ముడికీ మధ్య ఇరుక్కున్నాను.

కారు వీధి మలుపు తిరిగిందో లేదో, అమ్మ మొదలుపెట్టింది.

"ఎడం పక్కన సైకిలు వస్తోందండీ, కుర్రాడు... ఆ, వెళ్ళిపోయాడు. ఆ లారీ చూశారా, కుడి పక్క? ఎంత లోడు వేశాడో పాపం. ఇదిగో, ఈవిడెవరో చంటిపిల్లతో దాటాలా వద్దా అని నిలబడింది, ఎడం పక్కన. దాటడం లేదులెండి. మేకలు! తాడైనా లేదు వాటికి, కుడి పక్క."

"నోరా అది?" అంది నాన్నమ్మ. "రేడియోలో వార్తలు చదివేవాళ్ళైనా మధ్యలో ఆగి గుక్కెడు నీళ్ళు తాగుతారు."

నాన్న నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది గాని తల ఇటు తిప్పలేదు. తమ్ముడు గొంతు సన్నగా చేసి, "ఎడం పక్కన నాన్నమ్మ ఆవలిస్తోందండీ, మధ్యలో అక్క అలిగి కూర్చుందండీ," అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా నవ్వేశాను. దారిపొడుగునా అదే ఆట. తమ్ముడు ఒకటంటే నేనొకటి. అమ్మ మాత్రం మా మాటలేవీ పట్టించుకోకుండా తన వార్తలు తను చదువుతూనే ఉంది.

ఆ ఇంటికి రెండు గదులు, ఒక హాలు, చిన్న వంటిల్లు, ముందు వరండా. మేం దిగగానే సముద్రం వైపు పరిగెత్తాం. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. సంచులు విప్పడం లేదు. హాలు మధ్యలో ఉన్న పొట్టి బల్లని ఒక్కతే లాక్కుంటూ గోడవారకి చేరుస్తోంది. నడవాలోని స్టూలు, వరండాలోని పూలకుండీ, అన్నీ పక్కకి.

"వచ్చీరాగానే ఆ బల్ల నీకేం అడ్డమొచ్చిందే?" అంది నాన్నమ్మ.

"తుడుచుకోవడానికి వీలుగా ఉంటుందత్తయ్యా." తర్వాత మా వైపు చూసి, "చెప్పులు గోడవారన. నడిచే దారిలో ఒక్క జోడు కనపడిందా, సముద్రంలో పారేస్తాను," అంది.

అది మాకు అలవాటే. మా క్వార్టర్సులోనూ అంతే. ఏ కుర్చీ ఎక్కడుందో అక్కడే ఉండాలి, జానెడు జరిగినా అమ్మ ఊరుకోదు. పెద్దయ్యాక నాకూ ఆ జబ్బు అంటుకుంది. మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు, ఈ ఇంట్లో స్టూలు కదపాలంటే దరఖాస్తు పెట్టుకోవాలని.

అయితే సముద్రం ఒడ్డున ఉన్నది మా ఇల్లు కాదు. ఆ సాయంత్రమే నాన్న గది గుమ్మానికి గుద్దుకున్నాడు. ఠప్పుమని చప్పుడైంది.

"మరుగుజ్జుల కోసం కట్టినట్టున్నాడీ ఇల్లు," అన్నాడు రుద్దుకుంటూ.

తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గుమ్మం ఎత్తు తక్కువైతే తలకి తగలాలి. నాన్న రుద్దుకుంటోంది భుజం.

మర్నాడు వరండాలో నీళ్ళ బకెట్టు తన్నేశాడు. ఇసుకలో ఆడుతుంటే తమ్ముడు పక్కనించి బంతి విసిరాడు, మెల్లగానే విసిరాడు. అది చెవి మీద తగిలేదాకా నాన్న కదల్లేదు. ఉలిక్కిపడి, ఆనక నవ్వి, "నాన్నని ఓడించానని మురిసిపోకు, కావాలనే వదిలేశాను," అన్నాడు. వాడు నమ్మాడు. ఎదురుగా నిలబడి విసిరినవి మాత్రం ఒంటి చేత్తో పట్టాడు, ఒక్కటీ వదల్లేదు.

నాకు లోపల ఏదో దడగా ఉంది. మా పక్క క్వార్టర్లో ఉండే డ్రైవరుకి తాగుడుంది. ఆయనా అలాగే గుమ్మాలకి గుద్దుకుంటాడు, బకెట్లు తంతాడు. మా నాన్న అలాంటివాడు కాదని నాకు తెలుసు. తెలిసీ, స్నానం చేసి వచ్చినప్పుడు తువ్వాలు అందించే నెపంతో దగ్గరికి వెళ్ళి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. ఊపిరి పీల్చుకోవాల్సింది. అదేమిటో, దడ ఇంకా ఎక్కువైంది. అది కాకపోతే మరేమిటి?

అప్పట్నించి సముద్రం మానేసి అమ్మని చూడటం మొదలుపెట్టాను. భోజనాల దగ్గర అందరికీ నీళ్ళ గ్లాసు కంచం పక్కన పెడుతుంది. నాన్నకి మాత్రం కంచానికి అవతల, ఎదురుగా పెడుతుంది. పుట్టిన్నాటినించీ చూస్తున్నదే. అది వేరే పద్ధతని ఆ రోజు దాకా తోచలేదు.

తర్వాత తమ్ముడికి జ్వరం వచ్చింది. పొద్దున్నించీ నీళ్ళలో నానాడు, మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. సాయంత్రం అవుతుంటే తాగిన పాలు కూడా కక్కేశాడు. మందుల దుకాణం ఊళ్ళో ఉంది, సముద్రం పక్కనించి మెలికలు తిరుగుతూ వెళ్ళే రోడ్డు మీద చాలా దూరం.

"నేను వెళ్ళొస్తాను," అన్నాడు నాన్న తాళంచెవి తీసుకుంటూ.

"ఉండండి, నేనూ వస్తాను." అమ్మ లేవబోయింది. తమ్ముడు ఆమె చీర కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. నాన్నమ్మ ఎత్తుకోబోతే ఆవిణ్ణి కాళ్ళతో తన్నాడు.

"వాణ్ణి వదిలి నువ్వెక్కడికే?" అంది నాన్నమ్మ. "మందులు మోయడానికి ఇద్దరు కావాలా? రోజూ బస్సు నడిపేవాడికి ఈ బుల్లి కారు ఒక లెక్కా?"

అమ్మ వాణ్ణి చూసింది, నాన్నని చూసింది, కిటికీలోంచి బయట వెలుతురు చూసింది. తర్వాత నా మీద ఆగాయి ఆమె కళ్ళు.

"నువ్వు వెళ్ళు," అంది. "ముందు సీట్లో కూర్చో."

గుమ్మం దాకా వచ్చి, నా భుజం గట్టిగా పట్టుకుని, చిన్న గొంతుతో, "మాట్లాడుతూ ఉండు. రోడ్డుకి అటూ ఇటూ ఏం కనపడినా చెబుతూ ఉండు. నోరు మూతపడకూడదు," అంది.

"ఎందుకు?"

"నాన్నకి తోచదు."

నేను కోరుకున్న సీటు అది. ఎత్తుగా, అద్దంలోంచి రోడ్డంతా నాదే అన్నట్టుంది. ఆ కాసేపూ నా దడ కూడా మరిచిపోయాను. అమ్మలాగే మొదలుపెట్టాను. "సముద్రం మీద రెండు పడవలున్నాయి నాన్నా. మేఘం ఒకటి ఏనుగులా ఉంది. దూరంగా దీపస్తంభం, ఇంకా వెలిగించలేదు."

నాన్న నవ్వాడు. "ఆకాశం వద్దమ్మలూ, రోడ్డు చెప్పు."

"రోడ్డు మీద ఎవరూ లేరు. ఎదురుగా బస్సొస్తోంది, చాలా దూరంలో."

"అది కనపడింది. పక్కలు చెప్పు."

"ఎడం పక్కన గోడ. ఇళ్ళు. ఒక ఇంటి మీద నీళ్ళ ట్యాంకు పచ్చ రంగు వేశారు."

ఇళ్ళ మధ్య ఒక పచ్చ గేటు పక్క సందులోంచి ఒకాయన సైకిలు మీద బయటికి వచ్చాడు. వెనక క్యారియరు మీద గుడ్ల అట్టలు కట్టుకుని, రోడ్డు అంచున, మా ఎడం పక్కనే, నెమ్మదిగా తొక్కుకుంటూ పోతున్నాడు. మేం ఆయన్ని సమీపించాం. చొక్కా మీద చెమట మరక కూడా నాకు కనపడుతోంది. ఎదురుగా రోడ్డు మధ్యలో పెద్ద గుంట ఉంది. నాన్న గుంట చూశాడు. స్టీరింగు ఎడం వైపు తిప్పాడు.

చప్పుడు పెద్దది కాదు. కారు పక్క అద్దం టక్కున లోపలికి మడుచుకుంది. ఆయనా, సైకిలూ, గుడ్లూ కనపడకుండా పోయాయి.

నాన్న బ్రేకు వేసి దిగాడు. నేనూ దిగాను. సైకిలాయన అప్పటికే లేచి ప్యాంటు దులుపుకుంటున్నాడు. మోచెయ్యి గీరుకుంది. రోడ్డంతా గుడ్ల సొన జారిపోతోంది.

"రోడ్డు నీ ఒక్కడిదేనా?" అని అరిచాడు. "ఇంత మనిషి, ఇంత సైకిలు! కనపడలేదా?"

బస్సు డ్రైవరు రోజూ వినే తిట్టే అది. దానికి జవాబుగా తిట్టడం కూడా నాన్నకి వచ్చు, నేను విన్నాను. నాన్న వంగి సైకిలు లేవనెత్తాడు. వంకరపోయిన హేండిలు కాళ్ళ మధ్య పెట్టి సరిచేశాడు.

"కనపడలేదండీ," అన్నాడు.

ఆయన పోట్లాటకి నడుం కట్టుకున్నవాడు, నోరు తెరిచి ఆగిపోయాడు. "అంటే?"

"నిజంగానే కనపడలేదు. తప్పు నాదే. దెబ్బ ఎక్కడైనా గట్టిగా తగిలిందా?"

ఆయన నాన్నని ఎగాదిగా చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "పిల్లనేసుకుని వెళ్తున్నావు. నెమ్మదిగా వెళ్ళు," అన్నాడు. నాన్న జేబులోంచి ఇచ్చింది లెక్క చూసుకోకుండానే తీసుకుని, మిగిలిన గుడ్లు సర్దుకుంటూ ఉండిపోయాడు.

కారులో కూర్చున్నాక నాన్న తాళంచెవి తిప్పలేదు. చేతులు స్టీరింగు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మలూ, ఆయన నీకు కనపడ్డాడా?"

"ఆ."

"ఎక్కణ్ణించి?"

"పచ్చ గేటు దగ్గర్నించి."

"మరి చెప్పలేదేం?" తిట్టినట్టు లేదు. తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"నీ పక్కనే ఉన్నాడుగా నాన్నా," అన్నాను. దూరంగా ఉన్నవి చెప్పాలని తెలుసు నాకు. అంత దగ్గరగా, చెయ్యి చాపితే అందేలా ఉన్న మనిషిని కూడా నాన్నకి చూపించాలని ఎవరనుకుంటారు?

నాన్న మెల్లగా తలూపాడు. "అవును. నా పక్కనే ఉన్నాడు."

తాళంచెవి తిప్పుతూ, "దగ్గరవి కూడా చెప్పు తల్లీ," అన్నాడు.

చెప్పాను. నడిచేవాళ్ళు మమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా వెళ్ళాం. గోడ, కుక్క, ముసలాయన, రాళ్ళకుప్ప, అటు స్తంభం, ఇటు తోపుడుబండి. ఏనుగు మేఘం ఎక్కడికి పోయిందో చూడలేదు. మందులు తీసుకుని తిరిగొచ్చేటప్పటికి వెలుతురు సన్నగిల్లింది. నా గొంతు ఎండిపోయింది, అయినా ఆపడానికి భయం. ఆపితే ఆ ఖాళీలో ఎవరు పడతారో తెలియదు. దారిపొడుగునా అమ్మ గొంతు నా చెవుల్లో ఉంది. ఎన్నేళ్ళుగా మాట్లాడుతోందో.

అమ్మ వరండాలో నిలబడి ఉంది. మందులకి చెయ్యి చాపలేదు. ముందు కారుని చూసింది. మడుచుకున్న అద్దం, దాని కింద ఎండిన సొన చార. లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, నాన్నమ్మ బయటికి వచ్చేలోగా ఆ చార తుడిచేసింది. అద్దం యథాస్థానానికి తిప్పింది. అప్పుడు మందులు తీసుకుంది.

తెల్లారేసరికి తమ్ముడికి జ్వరం దిగింది. వాడు రొట్టె కావాలని అడిగాడు, నాన్నమ్మ సంతోషంగా విసుక్కుంది. ఆ మర్నాడు మేం ఇంటికి తిరిగి వెళ్ళాలి. అందరం ఆ కారులోనే. ఆ వెనకే నాన్న డ్యూటీ మొదలవుతుంది. నేను వంటింటి కిటికీ కింద మెట్టు మీద కూర్చుని, కాళ్ళకంటిన ఇసుక దులుపుకుంటున్నట్టు దులుపుకుంటూనే ఉన్నాను. లోపల అమ్మ కూరగాయలు తరుగుతోంది.

"పిల్లకి కొత్త. నేనుంటే చెప్పేదాన్ని," అంటోంది నాన్నతో.

"నువ్వుంటే చెప్పేదానివి. బస్సులో నా పక్కన ఎవరుంటారు?"

కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆ రోడ్డు మీకు కంఠతా వచ్చు. ఏ గుంట ఎక్కడుందో తెలుసు," అంది అమ్మ.

"గుంటలు కదలవే. మనుషులు కదులుతారు."

"కళ్ళ పరీక్ష ప్రతిసారీ పాసవుతూనే ఉన్నారుగా?"

"ఎదురుగా బోర్డు పెట్టి అక్షరాలు చదవమంటే ఎందుకు పాసవను?"

"డాక్టరు పక్కల చూపు తగ్గుతోందన్నాడంతే. పోయిందనలేదు."

"అప్పుడు తగ్గుతోంది. ఇప్పుడు ఆ సైకిలాయన పడ్డ చప్పుడు వినపడితే గాని అక్కడొక మనిషున్నాడని తెలియలేదు నాకు."

అమ్మ మళ్ళీ మాట్లాడినప్పుడు అది నాకు తెలిసిన గొంతులా లేదు. "క్వార్టర్సు ఖాళీ చేయమంటారు. వీళ్ళ చదువులు ఎలా? అత్తయ్యకేం చెబుతాం? ఇంకొన్నాళ్ళు, పిల్ల హైస్కూలు అయ్యేదాకా... జాగ్రత్తగా..."

నాన్న జవాబు కోసం నేను ఆగలేదు. నేను లేచి వరండాలోకి వెళ్ళి కారు చుట్టూ తిరిగాను. ఆ కారులో కూర్చోవాలని లేదు నాకు. క్వార్టర్సు వదిలి వెళ్ళాలనీ లేదు. మా నాన్న బస్సెక్కడానికి బడి పిల్లలు ఎలా తోసుకుంటారో నేను చూశాను. ఎక్కేముందు బస్సు ముందు నించి అడ్డంగా పరిగెత్తేవాళ్ళు కూడా ఉంటారు వాళ్ళలో. పక్కల నించి.

భోజనాల వేళకి నాన్నమ్మ తన పంతం నెగ్గించుకుంది. ఇన్నాళ్ళూ కంచం నేల మీద పెట్టుకుని వంగి తిని నడుం పట్టేసిందని, అమ్మ వంటింట్లో ఉండగా నాచేత ఆ పొట్టి బల్లని హాలు మధ్యకి లాగించింది. కంచాలు కూడా పెట్టించింది. నేను గ్లాసుల్లో నీళ్ళు పోస్తుండగా నాన్న గదిలోంచి వచ్చాడు. బల్లకి అవతల కూర్చున్న తమ్ముణ్ణి చూస్తూ, వాడితో ఏదో అంటూ వచ్చాడు. బల్ల మూల మోకాలికి కొట్టుకుంది. గ్లాసులు దొర్లాయి, నీళ్ళన్నీ నాన్నమ్మ ఒళ్ళో పడ్డాయి.

"ఏవిట్రా అది!" అంది నాన్నమ్మ లేస్తూ. "ఇంత బల్ల కనపడలేదట్రా నీకు?"

అమ్మ గిన్నెతో పరిగెత్తుకొచ్చింది. "నేనే... నేను చెప్పలేదు బల్ల జరిపామని. మీరు కూర్చోండి, అత్తయ్యా, నేను తుడుస్తాను."

"నువ్వెక్కడ జరిపావే? జరిపించింది నేను."

"కనపడలేదమ్మా," అన్నాడు నాన్న.

అమ్మ నాన్న వైపు తిరిగి, వద్దన్నట్టు చూసింది. ఆ చూపు నాన్నకి ఎదురుగానే ఉంది. చూశాడు.

"ఎదురుగా ఉన్నవి బాగానే కనపడతాయి. పక్కలు కనపడటం లేదు, కింద కూడా. చాలా రోజులైంది," అన్నాడు. కూర్చుని కంచం దగ్గరికి లాక్కున్నాడు.

నాన్నమ్మ తడిచీరతో అలాగే నిలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, లేకపోతే అరుస్తుందనుకున్నాను. ఆవిడ కొడుకుని చూడటం లేదు. అమ్మని చూస్తోంది.

"అయితే వచ్చేటప్పుడు దారిపొడుగునా నువ్వు..." అని ఆగిపోయింది.

అమ్మ వంగి నేల తుడుస్తోంది. తల ఎత్తలేదు.

నాన్నమ్మ కూర్చుంది. దొర్లిన గ్లాసు లేవనెత్తి, నా చేతిలో చెంబు లాక్కుని నీళ్ళు నింపింది. కొడుకు పక్కన పెట్టబోయి, ఆగి, కంచానికి అవతల, ఎదురుగా పెట్టింది.

"నువ్వూ రావే," అంది అమ్మతో. "వడ్డించింది చాల్లే. కూర్చుని తిను."

అందరం తిన్నాం. తమ్ముడు కంచంలో కెలుకుతున్నాడు. వాడికి కూర నచ్చలేదు. నాన్న రెండోసారి అన్నం వడ్డించుకున్నాడు. కలుపుకుంటూ, రేపటి వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పాడు.

"కారు ఇక్కడే వదిలేస్తున్నాం. మావయ్య వచ్చి తీసుకెళ్తాడు, పొద్దున్నే ఫోను చేస్తాను. మనం బస్సులో వెళ్తాం."

"నువ్వే నడుపుతావా?" అన్నాడు తమ్ముడు ఆశగా.

"లేదురా. నేనింక నడపను. ఇంటికి వెళ్ళగానే డిపోలో ఆ మాట చెప్పేసి వస్తాను." అమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నాన్న ఆమె వైపు తల పూర్తిగా తిప్పి చూశాడు. తర్వాత ఒకరి తర్వాత ఒకరిగా మా అందరి వైపూ అలాగే తల తిప్పి చూసి, చివరికి నా దగ్గర ఆగాడు.

"ముందు సీటు ఎవరికి కావాలో వాళ్ళు తీసుకోండి," అన్నాడు. "కిటికీ పక్క సీటు మాత్రం నాది. దానికి ఎవరూ నాతో పోట్లాడకండి."